మాంచెస్టర్ పోవడానికి పర్సనల్ లోన్ పెట్టొచ్చా?

ప్రశ్న: సార్, మాది ఇందుకూరుపేట, ఉండేది నెల్లూరు వేదాయపాళెంలో. వయసు 29, పెళ్లి కాలేదు. కృష్ణపట్నం పోర్టు కాడ లాజిస్టిక్స్ కంపెనీలో చేస్తా ఉండా, చేతికి 41 వేలు వస్తాయి. రెంట్ 9 వేలు, ఇంటికి 8 వేలు, బైక్ ఈఎంఐ 4,200, సిప్ 3 వేలు. ఎఫ్‌డీ 1,80,000 ఉండాది, దాన్ని కదిలించొద్దని నాన్న మాట. కార్డు మీద 62 వేలు బాకీ, నెలనెలా మినిమమ్ 3,100 కడతా ఉండా. ఇంటర్ నుంచి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ ఫ్యాన్‌ని, వాళ్ల స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఒక్క మ్యాచ్ చూడాలని కోరిక. రెండున్నర లక్షలు అవుద్ది, లోన్ పెట్టేయ్ అంటాడు ఫ్రెండ్. ఇంకోపక్క ఆట మీదే విరక్తి పుడతా ఉండాది. గోల్ పడితే అరవాలో వద్దో తెలీదు, వీఏఆర్ (వీడియో చూసి రిఫరీ నిర్ణయం సరిచూసే పద్ధతి) తేల్చేదాకా నోరు మూసుకోవాల. అర్ధరాత్రి ఒకటిన్నరకి మ్యాచ్‌లు, లీగుకో యాప్, ఏడాదికి మూడు జెర్సీలు. నిద్ర లేక పోయిన సీజన్‌లో రెండు రోజులు డ్యూటీ ఎగ్గొడితే జీతం కట్ చేశారు. ఇదంతా మానేసి ఆ డబ్బుతో క్లబ్ షేర్లే కొనుక్కుంటే మేలా? బెట్టింగ్‌లో కూడా కొంచెం పోయింది, 23 వేలు.

జవాబు:

తమ్ముడూ, ట్రిప్పు సంగతి తర్వాత, ముందు ఆ కార్డు. నెలకి మూడున్నర శాతం వడ్డీ వేసుకుంటే (చాలా కార్డులది అటూఇటూ అంతే, నీది ఎంతో స్టేట్‌మెంట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటది చూడు) 62 వేలకి 2,170 అవుద్ది, దానిమీద జీఎస్టీ 18 శాతం అంటే ఇంకో 390, వెరసి 2,560. నువ్వు కట్టే 3,100లో అసలుకి జమయ్యేది 540 రూపాయలు. అది కూడా నెల తిరక్కుండా కొత్త జెర్సీ కొంటే అక్కడికక్కడ సరి. ఒకపక్క బ్యాంకు నీ ఎఫ్‌డీకి ఏడాదికి ఏడు శాతం ఇస్తే గొప్ప, ఇంకోపక్క నువ్వు కార్డుకి 42 శాతం పోస్తా ఉండావు, నాన్నకి ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపించు, ఆయన ఎఫ్‌డీ కదిలించొద్దన్నది ఈ కార్డు సంగతి తెలీక అన్న మాట. కొన్ని బ్యాంకులు ఎఫ్‌డీలో కొంత భాగమే తీసుకోనిస్తాయి, కుదరదంటే మొత్తం బ్రేక్ చేసి 62 వేలు కార్డుకి కట్టి మిగతా 1,18,000 మళ్లీ వేసెయ్. పెనాల్టీ కింద వడ్డీలో అర శాతమో ఒక శాతమో పోతే పోనీ. ఆ మిగిలింది నీకు దగ్గర దగ్గర నాలుగు నెలల ఖర్చు, ఉద్యోగం అటూఇటూ అయితే ఆదుకునే డబ్బు అది, దాంతో ఫ్లైట్ టికెట్ కొనడానికి లేదు.

బెట్టింగ్ మాట ఆఖర్లో "కొంచెం" అని రాశావే, నాకు అదే నచ్చలా. 23 వేలంటే నీకు సగం జీతం పైన. ఆంధ్రలో ఆన్‌లైన్ బెట్టింగ్ మీద 2020 నుంచే నిషేధం ఉండాది, 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములు దేశమంతా ఆపేసింది, అంతంత పెద్ద ఫాంటసీ కంపెనీలే డబ్బు కాంటెస్టులు మూసుకున్నాయి. ఇంకా నడిచే యాప్‌లు బయటి దేశాలవి. డబ్బులు ఎవడెవడి పేరు మీదో ఉండే యూపీఐ ఐడీలకి పోతాయి, రేపు ఆ ఖాతాలు సైబర్ క్రైమ్ కేసులో దొరికితే వాటితో లావాదేవీ ఉన్న నీ అకౌంట్ కూడా ఫ్రీజ్ కావచ్చు, అది నీ జీతం పడే అకౌంట్ అయితే నెలాఖరుకి ఏం చేస్తావ్? పోయింది రాబట్టుకుందామని ఇంకో వంద కూడా పెట్టొద్దు. యాప్ తీసెయ్, ఆ గ్రూపుల్లోంచి బయటికి రా, దీనిమీద ఇంతకంటే చెప్పేది లేదు.

ఇప్పుడు లోన్. రెండున్నర లక్షలు, 14 శాతం, మూడేళ్లు అనుకో, ఈఎంఐ 8,500 చిల్లర, మొత్తం కట్టేది 3,07,000 పైన, అంటే ఒక్క వారం ట్రిప్పుకి వడ్డీయే 57 వేలు. అదే 8,500 నెలనెలా బ్యాంకు ఆర్‌డీలో వేస్తే రెండేళ్లకి వడ్డీతో కలిపి 2,18,000 దాకా వస్తది, ఇంకో మూడు నాలుగు నెలలు ఆగితే నీ రెండున్నర లక్షలు చేతిలో ఉంటాయి. లోన్ తీసుకుంటే అదే 8,500 ముప్పై ఆరు నెలలు కట్టాల, తిరిగొచ్చాక రెండేళ్ల పైన కడతానే ఉంటావు, ఈలోపు టీమ్‌లో కోచ్ మారిపోయుంటాడు, నువ్వు చూడాలని పోయిన ప్లేయర్ సౌదీలో ఆడతా ఉంటాడు. 8,500 యాడినుంచి వస్తది అంటావా, కార్డు క్లియర్ అయితే 3,100 మిగిలింది, బైక్ ఈఎంఐ అయిపోగానే 4,200, బెట్టింగ్‌కి పోసేది నెలకి రెండు వేలన్నా ఉంటది కదా, అయిపోయె. బైక్ లోన్ తీరేదాకా 5 వేలతో మొదలుపెట్టు, ఇంకొంచెం లేటవుద్ది అంతే. దీన్ని సిప్‌లో వెయ్యొద్దు, రెండు మూడేళ్లలో కావాల్సిన డబ్బు మార్కెట్‌లో పెడితే నీకు కావాల్సిన నెలలోనే అది పడిపోవచ్చు. నీ 3 వేల సిప్ మాత్రం ఆపొద్దు, అది వేరే లెక్క.

ఆగడంలో ఇంకో లాభం ఉండాది. యూకే వీసాకి చెన్నైలో అప్లై చేసేటప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్లు చూస్తారు, నిన్న మొన్న లోన్ పడి ఒక్కసారిగా బ్యాలెన్స్ పెరిగినట్టు కనపడితే ఆ డబ్బు యాడిది అనే ప్రశ్న వస్తది. నెలనెలా ఆర్‌డీ కట్టినట్టు కనపడితే ఆ గొడవ ఉండదు.

ట్రిప్పులో డబ్బు నిజంగా మునిగేది మ్యాచ్ తేదీల కాడ. జూన్‌లో ఫిక్చర్లు, అంటే సీజన్ మ్యాచ్‌ల షెడ్యూల్, వస్తాయి, శనివారం మ్యాచ్ అని చూసి తక్కువకి దొరికిందని చెన్నై నుంచి రీఫండ్ లేని టికెట్ కొట్టేస్తావ్, తర్వాత టీవీ వాళ్లు ఎంచుకుంటే అది ఆదివారానికో సోమవారం రాత్రికో మారుద్ది, సోమవారం పొద్దున నీ రిటర్న్ ఫ్లైట్. ఇంగ్లండ్‌లో ఉండే ఫ్యాన్లే రైలు టికెట్లు, హోటళ్లు వదులుకుని ఏడుస్తా ఉంటారు దీనికి. క్రిస్మస్ మర్నాడు బాక్సింగ్ డే అంటే వాళ్లకి రోజంతా ఫుట్‌బాలే, మనకి సంక్రాంతికి కోడిపందేలు ఎట్టాగో అట్టా, అలాంటిది 2025లో ఆ రోజు వాళ్ల టాప్ లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో ఒకే ఒక్క మ్యాచ్ పెట్టారు, యూరప్ పోటీలు పెరిగి క్యాలెండర్‌లో చోటు లేదని. యూరప్ పెద్ద క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్‌ని 2024 నుంచి 36 టీములు చేశారు, వరల్డ్ కప్‌ని 2026కి 48 టీములు, 104 మ్యాచ్‌లు చేశారు, ఇన్ని ఇరికిస్తే ఏదో ఒకటి జరగక తప్పదు. కాబట్టి టీవీ సెలక్షన్లు ప్రకటించినాకే ఫ్లైట్ బుక్ చెయ్, నాలుగైదు వేలు ఎక్కువైనా తేదీ మార్చుకునే టికెట్ తీసుకో, మ్యాచ్‌కి ముందో రోజు వెనకో రెండు రోజులు వదులుగా పెట్టుకో.

మ్యాచ్ టికెట్ క్లబ్ దగ్గరే తీసుకో, మెంబర్‌షిప్ తీసుకుని వాళ్ల సైట్‌లోనే ప్రయత్నించు, దొరక్కపోతే క్లబ్ అమ్మే హాస్పిటాలిటీ ప్యాకేజీ రేటు చూసుకో. టెలిగ్రామ్‌లో ఎవడో అమ్మేది కొనొద్దు, ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ టికెట్లు అనుమతి లేకుండా తిరిగి అమ్మడం 1994 చట్టం ప్రకారం నేరం, ఆ టికెట్ గేటు కాడ పని చెయ్యకపోతే నువ్వు ఎవర్నీ అడగలేవు. రేటు తగ్గుద్దని కూడా ఆశ పెట్టుకోవద్దు, 2024-25 సీజన్ మధ్యలో మీ క్లబ్బే మిగిలిన టికెట్లకి కనీసం 66 పౌండ్లు అని పెట్టింది, పిల్లలకి ముసలాళ్లకి రాయితీ కూడా లేకుండా. 2016లో లివర్‌పూల్ వాళ్లు 77 పౌండ్ల టికెట్ పెడితే సరిగ్గా 77వ నిమిషంలో వేలమంది స్టేడియంలోంచి లేచి పోయారు, క్లబ్ వెనక్కి తగ్గింది. వేదాయపాళెంలో కూర్చున్న మనకి లేచిపోయే సీటు లేదు, మన చేతిలో ఉండేది ఆటోపే ఒక్కటే.

ఆటోపే అంటే గుర్తొచ్చింది. ప్రీమియర్ లీగ్ జియోహాట్‌స్టార్‌లో, ఛాంపియన్స్ లీగ్ సోనీలివ్‌లో, రెండూ కట్టాల్సొస్తా ఉండాదని నీ బాధ. న్యాయమే. కానీ 2024-25లో యునైటెడ్ 15వ స్థానంలో ఆగింది, యూరప్‌లో రెండో స్థాయి పోటీ యూరోపా లీగ్ ఫైనల్ టాటెన్‌హామ్ చేతిలో ఓడింది, దాంతో 2025-26లో యూరప్‌లో ఏ పోటీలోనూ లేదు. మరి ఆ సీజన్ మొత్తం రెండో యాప్‌కి డబ్బులు ఎందుకు కట్టావు? యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఒక పేజీ ఉంటది, తెరిచి చూడు, నువ్వు మర్చిపోయినవి ఇంకో రెండు కూడా అక్కడ బయటపడినా పడతాయి. డబ్బు కట్ అయ్యే ముందు రోజే మెసేజ్ వస్తది, మనం చదవం, అంతే.

అయినా యాప్‌లు నీకు పెద్ద ఖర్చు కాదబ్బయా. నీ జీతం రోజుకి 1,366, రెండు రోజులు కట్ అంటే 2,700 పైన, అది కూడా వాళ్ల రాత్రి ఎనిమిది గంటల మ్యాచ్ మనకి చలికాలంలో ఒకటిన్నరకి మొదలై మూడున్నరకి అయ్యేసరికి పోర్టు బస్సు అందక పోగొట్టుకున్నది. వారం మధ్యలో మ్యాచ్‌లకి పొద్దున్నే హైలైట్స్ చూడు, ఫోన్‌లో స్కోర్ నోటిఫికేషన్లు ఆపుకో. శనివారం వాళ్ల మూడు గంటల మ్యాచ్‌లు మనకి ఏడున్నరకో ఎనిమిదిన్నరకో వస్తాయి, పైగా ఆ టైములో ఇంగ్లండ్‌లో టీవీలో లైవ్ ఇవ్వరు, మనకి మాత్రం వస్తది, అక్కడోళ్లకి లేని సుఖం అది.

వీఏఆర్‌కి నాకాడ మందు లేదు. 2024 జూన్‌లో ఎత్తేద్దామా అని ఓటింగ్ పెడితే 20 క్లబ్బుల్లో తీసెయ్యమన్నది వుల్వ్స్ ఒక్కటే, మీ క్లబ్ కూడా ఉంచమనే వేసింది, ఇంక ఎవర్ని తిడతావో నీ ఇష్టం.

జెర్సీలు హోమ్, అవే, థర్డ్ అని ఏటా మూడు దించేది నీలాంటోడి కోసమే, ఆగస్టులో ఫుల్ రేటుకి కొనే ఆత్రం మీదే ఆ వ్యాపారం నడిచేది. సీజన్ చివర్లో, మే జూన్‌లో పాతది డిస్కౌంట్‌లో కొను, ఏడాదికి ఒకటి, కార్డు మీద కాదు. 2025 సెప్టెంబరు నుంచి 2,500 దాటిన బట్టలకి జీఎస్టీ 18 శాతం, దాని లోపయితే 5 శాతమే, డిస్కౌంట్‌లో 2,500 లోపుకి దొరికితే ఆ తేడా కూడా నీకే.

ఇక షేర్లు. యునైటెడ్ షేరు 2012లో న్యూయార్క్‌లో 14 డాలర్లకి లిస్ట్ అయింది, 2025లో కూడా ఇరవై లోపే తిరిగింది, 2022 తర్వాత డివిడెండ్ ఆపేశారు. ఓనర్ల దగ్గర ఉండే క్లాస్ బీ షేరుకి పది ఓట్లు, నువ్వు కొనే క్లాస్ ఏకి ఒకటి, అంటే టికెట్ రేటు గురించి నీ మాట వినేవాడు ఉండడు. 2005లో ఓనర్లు గ్లేజర్ కుటుంబం ఈ క్లబ్‌ని కొన్న పద్ధతి మీ ఊరి లెక్కలో చెప్పాలంటే, రొయ్యల చెరువు కొనడానికి ఆ చెరువునే తాకట్టు పెట్టి అప్పు తెచ్చి, వడ్డీ ఆ చెరువు పంటతోనే కట్టించడం. అంతకుముందు అప్పు లేని క్లబ్ అది, చిన్న చిన్న వాటాలున్న ఫ్యాన్ల చేత కూడా బలవంతంగా అమ్మించారు. పైగా విదేశీ షేరు ఒక్కటున్నా నువ్వు ఐటీఆర్-1 వెయ్యకూడదు, ఐటీఆర్-2లో విదేశీ ఆస్తులు చూపించే షెడ్యూల్ ఎఫ్ఏ నింపాల. సరదాకి ఒక్క షేరు కొని ఫ్రేమ్ కట్టించుకుంటానంటే వద్దనను కానీ దాన్ని ఇన్వెస్ట్‌మెంట్ అనొద్దు.

ఈ రెండేళ్లూ స్టేడియంలో కూర్చుని ఫుట్‌బాల్ చూడాలనిపిస్తే చెన్నై రైలెక్కు, మూడు గంటల లోపు ప్రయాణం, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో చెన్నయిన్ ఎఫ్‌సీ ఆడేటప్పుడు చూసిరా. మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ కూడా 2025-26లో హక్కుల గొడవతో నెలల తరబడి మొదలే కాలేదు, 2022లో కప్పు కొట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి పోయి పేరే మార్చుకుంది, ఆ బాధ వేరే. అందుకే అక్కడ కూడా షెడ్యూల్ వచ్చినాకే రైలు టికెట్ తియ్యి.

రెండు విషయాలు నువ్వు రాయలేదు. బైక్ ఈఎంఐ ఇంకా ఎన్ని నెలలుండాది, అమ్మానాన్నలకి హెల్త్ ఇన్సూరెన్స్ ఉండాదా లేదా. లేకపోతే ఆర్‌డీ కంటే ముందు ఆ ప్రీమియం కట్టాల, అప్పుడు ట్రిప్పు ఇంకో ఆరు నెలలు వెనక్కి పోతది. ఆ రెండూ రాసి పంపు, నెలవారీ లెక్క వేసి చెప్తా.