డబ్ల్యూ నొక్కే ముందు ఒక్క నిమిషం ఆగు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు పాత సామాన్ల కొట్టు నుంచి ఇంత బరువు కంప్యూటర్ మోసుకొచ్చిందిరా, దాని మీద లైనెక్స్ ఎక్కిస్తుందట, నువ్వైనా కాస్త చెప్పు" అంది. ఫొటో పంపమన్నాను. చూస్తే యాపిల్ వాళ్ల పాత పవర్‌మ్యాక్ జీ4. పక్క తలుపు మీద ఆ రింగు కనపడగానే డాబాగార్డెన్స్‌లో మా డీటీపీ గది గుర్తొచ్చి రాత్రంతా నిద్ర పట్టలేదు. అలాంటి మెషీన్ మీద మనసు పడే పిల్ల మనింట్లో ఉందని ఎంత సంతోషమో, అంత టెన్షన్‌గానూ ఉంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

తేలికవి ముందు చెప్పేస్తా. సీ అక్షరం నొక్కిపట్టి ఆన్ చేస్తే సీడీ నుంచి లేస్తుంది. మామూలు కీబోర్డయితే విండోస్ కీయే కమాండ్, ఆల్ట్ కీయే ఆప్షన్. ఆ రెండింటితో పాటు ఓ, ఎఫ్ కూడా కలిపి పట్టుకుంటే ఓపెన్ ఫర్మ్‌వేర్‌లోకి, అంటే సిస్టమ్ లేవకముందే మెషీన్‌కి ఆజ్ఞలిచ్చే తెరలోకి వెళ్తావు.

డౌన్‌లోడ్ దగ్గర మాత్రం జాగ్రత్త. విండోస్ లాంటి లైనెక్స్‌లో డెబియన్ ఒక రకం. వాళ్లు నీ మెషీన్‌లోని ప్రాసెసర్ రకం పవర్‌పీసీని 2015లో వచ్చిన 8వ వెర్షన్ తర్వాత అధికారికంగా ఆపేశారు. తర్వాత నుంచి డెబియన్ పోర్ట్స్‌లో ఔత్సాహికులు నడిపిస్తున్నారు. జీ4కి కావలసింది 32 బిట్ల పవర్‌పీసీ ఇమేజ్, అంటే సీడీకి ఎక్కించుకునే ఫైలు. పీపీసీ64ఈఎల్ అని ఒకటి కనిపిస్తుంది, అది ఐబీఎం కొత్త సర్వర్ల కోసం, నీ మెషీన్ మీద అస్సలు లేవదు. కొత్తది కదా అని దాన్ని దించుకుని రెండ్రోజులు పాడుచేసుకోకు.

ఇక డిస్కు సంగతి. ఇది నిదానంగా చదువు.

2003, సంక్రాంతి వెళ్లిన వారం. మాఘమాసం పెళ్లిళ్ల శుభలేఖలతో మా గది ఊపిరాడనట్టు ఉండేది. పని ఎక్కువగా ఒక నీలం-తెలుపు జీ3 మీద నడిచేది. మాతో ఒక పెద్దావిడ పనిచేసేవారు, అందరం పిన్నిగారనే పిలిచేవాళ్లం. రెండేళ్లుగా ఆవిడ చేసిన శుభలేఖలు, కరపత్రాలు, ఆవిడ కూర్చుని గీసిన అంచులు, అన్నీ ఆ డిస్కులోనే. నాకేమో కొత్తగా డెబియన్ 3.0 సీడీలు దొరికాయి. రాత్రి అందరూ వెళ్లాక మొదలుపెట్టాను. డిస్కుని పార్టిషన్లుగా, అంటే భాగాలుగా పంచే మ్యాక్-ఎఫ్‌డిస్క్ ప్రోగ్రాము, డిస్కులో ఖాళీ జాగా లేదంది. గైడులో ఐ అక్షరం నొక్కితే ఏ భాగం ఎక్కడుందో చెప్పే మ్యాప్ కొత్తగా తయారవుతుందని ఉంది, నొక్కాను. అప్పటికి డిస్కులో ఏమీ మారలేదు చిన్నీ. క్యూ కొట్టి బయటికొచ్చేస్తే అన్నీ భద్రంగా ఉండేవి. నేను డబ్ల్యూ నొక్కాను, అంటే డిస్కు మీద రాసెయ్యమని. అలా రాసేశాక గానీ పాత పార్టిషన్లు పోయాయని నాకు అర్థం కాలేదు.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. పోయింది మ్యాప్ మాత్రమే, ఫైళ్లు అక్కడే ఉన్నాయి. స్విచ్ ఆపేసి తెలిసినవాళ్ల దగ్గరికి పరుగెత్తి ఉంటే చాలావరకు దొరికేవి. నాకు చేతులు వణికి, సగంలో ఆపితే ఇంకా పాడవుతుందనుకుని ఫార్మాట్ చేసి, దాని మీద సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు ఎక్కించుకుంటూ తెల్లారేదాకా పోయాను.

పొద్దున పిన్నిగారు వచ్చి చూసి, "ఏటైంది బాబూ?" అన్నారు. చెప్పాను. ఆవిడ తిట్టలేదు. బీరువాలోంచి నమూనా శుభలేఖలు అంటించిన ఆల్బమ్ తీసి బల్ల మీద పెట్టి, "చదువు, నేను కొడతాను" అన్నారు. పదకొండు రోజులు నేను చదివాను, ఆవిడ కొట్టారు. అంచులు మాత్రం మళ్లీ గీయలేదు, కళ్లు సహకరించలేదు. ఆ అంచులున్న శుభలేఖ ఎవరింట్లో కనిపించినా ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది.

అందుకని, నీ జీ4లో ఉన్న పాత డిస్కుని ముట్టుకోకు. తుక్కు కొట్టులోదే కావచ్చు, అందులో ఎవరి పిల్లల ఫొటోలున్నాయో మనకేం తెలుసు? రింగు లాగితే తలుపు పడుతుంది, డిస్కు విప్పి యాంటీ-స్టాటిక్ కవర్లో పెట్టి దాచు. వేరే ఐడీఈ (పాత రకం వెడల్పు కేబుల్‌ది) డిస్కు పెట్టుకో, దాని మీద జంపర్ అనే చిన్న పిన్ను మూత సరిచూసుకో. పాత మోడళ్లు 128 జీబీకి మించిన డిస్కుని పూర్తిగా గుర్తించవు, చిన్నదే మేలు.

ఎక్కించాక స్క్రీన్ నల్లగా ఉండిపోతే మెషీన్ పోయిందని ఏడవకు. మెషీన్ లేచేటప్పుడు ఆజ్ఞ ఇచ్చే బూట్ లైన్లో video=ofonly అని ఇచ్చి చూడు, చాలాసార్లు బొమ్మ వస్తుంది. ఎరుపు నీలంగా, నీలం ఎరుపుగా కనిపిస్తే అది బైట్ల వరుస గొడవ. ఈ ప్రాసెసర్ పెద్ద బైటు ముందు పెట్టుకుంటుంది, ఇప్పటి ప్రోగ్రాములు రాసేవాళ్లు చాలామంది ఆ సంగతి చూసుకోరు. ప్యాకేజీ లిస్టు ఇంకా చెల్లదని మొరాయిస్తే ముందు తేదీ చూడు, బోర్డు మీది బ్యాటరీ అయిపోయి గడియారం ఏళ్లకేళ్లు వెనక్కి వెళ్లి ఉంటుంది. 3.6 వోల్టుల సగం సైజు లిథియం సెల్ అది, మామూలు పెన్సిల్ సెల్ పెట్టకు. బోర్డు మీద పీఎంయూ (కరెంటు సంగతి చూసుకునే చిప్) రీసెట్ బటన్ ఉంటుంది, ఒక్కసారే నొక్కు. లేవలేదని మళ్లీ మళ్లీ నొక్కితే ఆ చిప్పే బిగుసుకుపోతుంది.

పెదవాల్తేరులో మీ ఇల్లు సముద్రానికి దగ్గర, ఆ ఉప్పుగాలికి ర్యామ్ కాళ్లు చిలుము పడతాయి, తెల్ల రబ్బరుతో మెల్లగా తుడువు. యూపీఎస్ లేకుండా ఇన్‌స్టాల్ మొదలుపెట్టొద్దు. ఒట్టు వేయించుకున్నాననుకో. కరెంటు వైర్ పీకకుండా లోపల చెయ్యి పెట్టావని తెలిస్తే మాత్రం ఊరుకోను. మీ అమ్మకి నువ్వొక్కతివే.

ఆదివారం పొద్దున్నే గాజువాక నుంచి బస్సెక్కి వస్తాను. నా దగ్గర రెండు ఐడీఈ కేబుళ్లు, ఒక 40 జీబీ డిస్కు ఉన్నాయి, తెస్తాను. మ్యాప్ రాసేటప్పుడు పక్కన కూర్చుంటాను. డబ్ల్యూ నువ్వే నొక్కుదువుగాని.

మీ మావయ్య