పాలకూర పప్పు రోజూ తింటే ఫోలిక్ మాత్ర మానొచ్చా?

"పర్లాకిమిడిలో ఉంటాం. కొత్తగా పెళ్లైంది, పిల్లల కోసం చూస్తున్నాం. ఇంట్లో రోజూ ఆకుకూర, పప్పు ఉంటాయి. మాత్రలెందుకు, నెల తప్పాక చూద్దాం అంటున్నారు అత్తగారు" అని అడిగారు.

మానకండి. అత్తగారి పప్పులో తప్పు లేదు, "నెల తప్పాక" అన్నదాంట్లోనే ఉంది. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుపోవాలి. అంటే నెల తప్పిన రెండు వారాలకే! మూసుకోకపోతే స్పైనా బైఫిడా (వెన్నెముక పూర్తిగా మూసుకోకుండా పుట్టే లోపం) లాంటివి వస్తాయి, తర్వాత మింగిన మాత్ర దాన్ని మూయలేదు. అందుకే ఫోలిక్ ఆసిడ్ రోజుకి 400 మైక్రోగ్రాములు, గర్భానికి కనీసం నెల ముందు నుంచి మూడో నెల నిండేదాకా. ఆశా దీదీ గర్భిణులకు రోజూ వేసుకోమని ఇచ్చే ఎర్ర మాత్ర నాలుగో నెల నుంచి, రక్తం కోసం. ఈ పనికి అది ఆలస్యం.

ఇక వంట. ఉడికిన పాలకూర 100 గ్రాముల్లో ఫోలేట్ (తిండిలో సహజంగా ఉండే ఫోలిక్) సుమారు 146 మైక్రోగ్రాములు, అది మాత్రలోదంత బాగా ఒంటికి పట్టదు. పైగా నీళ్లలో కరిగిపోతుంది, వేడికి పోతుంది. ఆకు తరిగాక కడిగి, ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే ఇంకేం మిగులుతుంది? ముందు కడిగి తర్వాత తరగండి, ఉడికిన నీళ్లు పప్పులోనే పోయండి.

రేషన్ బియ్యం కడిగేటప్పుడు కొన్ని గింజలు తేలితే "ప్లాస్టిక్" అని ఏరి పారేస్తారు. ఒళ్లు మండుతుంది! అవి బియ్యప్పిండికి ఐరన్, ఫోలిక్ ఆసిడ్, బి12 కలిపి గింజలుగా ఒత్తినవి, నూటికి ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు, 2026లో కేంద్రం దీన్ని తాత్కాలికంగా ఆపింది. అలాగని వాటినే నమ్ముకోకండి. కిలోకి ఫోలిక్ ఆసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములే. పూటకి 150 గ్రాముల చొప్పున రెండు పూటలు తిన్నా 40 దాటదు, గంజి వారిస్తే అందులోనూ కొంత పోతుంది.

మందుల షాపులో అడక్కుండానే 5 మిల్లీగ్రాములది చేతిలో పెడతారు. అది పన్నెండు రెట్లకు పైనే. ముందు బిడ్డకు ఈ లోపం వచ్చినా, మూర్ఛ మందులు వాడుతున్నా, షుగరున్నా, మన వైపు కనిపించే సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) ఉన్నా డాక్టరు పెద్ద మోతాదు రాస్తారు. 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ (ఎం.ఆర్.సి.) పరిశోధనలో, అలాంటి బిడ్డను ఇదివరకే కన్న తల్లులు రోజూ 4 మిల్లీగ్రాములు వేసుకుంటే లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. మిగతావాళ్లకు 400 మైక్రోగ్రాములు చాలు. చీటీ మీద 0.4 మిల్లీగ్రాములు అని ఉన్నా అదే. మాంసం, గుడ్డు, పాలు ముట్టనివాళ్లు బి12 కూడా చూపించుకోండి, పెద్ద మోతాదు ఫోలిక్ దాని లోపాన్ని కప్పేస్తుంది.