పుట్టలో పురుగుల చదువు అన్నం పెడుతుందా?

ప్రశ్న: మా బిడ్డ ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మా చెల్క గట్టు మీది చెదపుట్ట వానకు విరిగితే, లోపల చెదలతో కలిసి తిరిగే చిన్న పెంకుపురుగు కనపడిందట. అప్పటి నుంచి నోట్‌బుక్ నిండా దాని బొమ్మలే. బీఎస్సీ జువాలజీ చేసి ఇవే చదువుతానంటోంది. చుట్టాలేమో హైదరాబాద్‌లో బీటెక్ బయోటెక్నాలజీ చేర్పించమంటున్నారు. రెండూ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: పోల్చి చెప్పమని రాశారు గానీ, మీ అసలు భయం వేరు: "పురుగులు చదువుతోందట" అని ఊళ్లో నవ్వితే ఎట్లా అని. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి ఇదే భయం ఎన్నోసార్లు విన్నాను. ఒక ఇంట్లో చరిత్ర, ఒక ఇంట్లో బొమ్మలు, మీ ఇంట్లో పురుగులు.

ముందు మీ బిడ్డ దేని ముందు కూర్చుందో తెలుసుకోండి. చెదల ఇంట్లోనే కాపురం పెట్టే పెంకుపురుగులు నిజంగానే ఉన్నాయి. వాటిలో చాలా రకాలు స్టాఫిలినిడే కుటుంబానివి. వీటి రెక్కల పెంకులు పొట్టి, పొట్ట బయటికే ఉండి ఎటంటే అటు వంగుతుంది. కొన్నింటిలో ఆ పొట్ట తిత్తిలా ఉబ్బి, వీపు మీదికి మడతపడి, చెద రూపమే తెచ్చుకుంది. ఆస్ట్రేలియాలో దొరికి 2023లో పేరు పెట్టించుకున్న ఆస్ట్రోస్పిరాక్తా కారిజోయికి ఆ పొట్ట మీద కాళ్లలా, మీసాల్లా కనిపించే భాగాలు కూడా ఉన్నాయి. పని చేసే చెదల్లో చాలావాటికి చూపుండదు. చీకట్లో మీసంతో తడిమి, వాసన పట్టి తమవాళ్లను గుర్తుపడతాయి. ఆ మీసాలను నమ్మించిన పురుగు అక్కడే బతికిపోతుంది.

ఇంకొన్నింటిది వేరే దారి. తల లోపలికి దాచుకుని, డాలు కప్పుకున్నట్టు, కన్నీటి బొట్టు ఆకారంలో ఉంటాయి. చెద దవడలకు పట్టు దొరకదు. మయన్మార్‌లో గట్టిపడిన చెట్టుబంకలో ఇలాంటి పురుగే దొరికితే 2017లో దాన్ని లోకానికి చూపించారు. వయసు దాదాపు 9 కోట్ల 90 లక్షల ఏళ్లు. పైగా ఈ పుట్ట కాపురం ఒక్క వంశంలో కాదు, వేర్వేరు వంశాల్లో విడివిడిగా మొదలైంది. ఎందుకిలా అన్నది జీవపరిణామంలో పెద్ద ప్రశ్న. మీ గట్టు మీద దొరికింది అలాంటి అతిథేనా, దారి తప్పి వచ్చిందా అన్నది చూడందే చెప్పలేను. కానీ చెదల్లో చెద కానిదాన్ని పట్టుకున్న కన్ను ఆమెది.

బయోటెక్నాలజీ మీద నాకు అనుమానాలున్నాయి, దాచను. బైపీసీ పిల్లలు ఆ బీటెక్‌లో చేరితే ముందు లెక్కల బ్రిడ్జి కోర్సు దాటాలి. ఆ రంగంలో మంచి పరిశోధన ఉద్యోగాలు ఎంఎస్సీ, పీహెచ్‌డీ అడుగుతాయి. ల్యాబ్‌లు సరిగా లేని కాలేజీలో నాలుగేళ్లు ఫీజు కట్టి, చివరికి మెడికల్ కోడింగ్‌లో చేరిన పిల్లలు నా దగ్గర కూర్చుని ఏడ్చారు. ఆ ఉద్యోగం తప్పని అనను. దానికోసం అప్పు చేసి అంత దూరం తిరగాల్సిన పని లేదంటున్నాను. మీ చుట్టాలు ఆ కాలేజీ ల్యాబ్ చూశారా? మీరు చూశారా? ఎవరో అన్నమాట మీద లక్షలు పెట్టడానికి సిద్ధపడి, కళ్లెదుట ఉన్న బిడ్డ నోట్‌బుక్‌ను లెక్కలోకి తీసుకోకపోవడం నాకు బాధగా ఉంది.

జువాలజీ డిగ్రీ ఒక్కటే చాలదు, అదీ నిజమే. ఎంఎస్సీ, ఆపైన నెట్ లాంటి అర్హత పరీక్ష గట్టెక్కితే ఫెలోషిప్, లెక్చరర్ దారులు తెరుచుకుంటాయి. అందుకే మీ ఇంటికి నేను చెప్పే మొదటి మాట బీఎస్సీ అగ్రికల్చర్. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకుతోనే సీటు, రైతు పిల్లలకు కోటా ఉంది, నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో కాలేజీ ఉంది. డిగ్రీతోనే వ్యవసాయ అధికారి పోస్టుకు అర్హత వస్తుంది. ఎమ్మెస్సీలో ఎంటమాలజీ తీసుకుంటే మళ్లీ పురుగులే. పల్లికాయను చెద కొట్టడం చూసిన మీకు ఆ చదువు విలువ నేను చెప్పాలా? సీటు రాకపోతే నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో జువాలజీ. అదేం ఓటమి కాదు.

భయపడకండి, ఆమెది ఇంకా చిన్న వయసే. ఒక్కటి మాత్రం చూసుకోండి: పుట్టలో చేయి పెట్టనివ్వొద్దు, పాములుంటాయి, పూజ చేసే పుట్టయితే తవ్వనే వద్దు. మట్టి దానంతటది ఊడినప్పుడు పురుగునూ, దాంతో ఉన్న రెండు మూడు చెదలనూ స్పిరిట్ పోసిన చిన్న సీసాలో వేయమనండి. తేదీ, చోటు రాసిన చీటీ లోపలే పెట్టాలి. ఆ చీటీ పెన్సిల్‌తో రాయమనండి, పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది.