కడుపులో బిడ్డ మొదట చేపగా ఉంటుందా?

ప్రశ్న: గర్భంలో బిడ్డ ముందు చేపలా, తర్వాత కప్పలా మారుతూ చివరికి మనిషవుతుందని, మెడ దగ్గర మొప్పలు కూడా ఉంటాయని చిన్నప్పుడు క్లాసులో చెప్పారు. ఇప్పుడేమో దానికి ఆధారంగా పిండాల బొమ్మలు వేసిన హెకెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త మోసగాడని, కాబట్టి జీవపరిణామమే అబద్ధమని ఒక వీడియోలో విన్నాను. ఏది నమ్మాలి?

జవాబు: క్లాసులో విన్నది తప్పు. వీడియోలో హెకెల్ బొమ్మల గురించి చెప్పింది చాలావరకు నిజమే గానీ, దాన్ని పట్టుకుని జీవపరిణామాన్నే కొట్టిపారేయడం కుదరదు.

పిండం కింది స్థాయి జంతువుల రూపాలన్నీ దాటుకుంటూ వస్తుందన్న ఊహ డార్విన్ కంటే పాతది. జర్మనీలో మెకెల్, ఫ్రాన్స్‌లో సెర్ అనే శాస్త్రవేత్తలు 19వ శతాబ్దం మొదట్లోనే ఆ మాట అన్నారు. 1828లో పిండాల మీద పనిచేసిన ఫాన్ బేర్ అనే శాస్త్రవేత్త దాన్ని గట్టిగా ఖండించాడు. స్పిరిట్‌లో వేసి పెట్టుకున్న రెండు చిన్న పిండాలకు చీటీలు అంటించడం మరిచిపోయాడట, తర్వాత చూస్తే అవి బల్లివో, పక్షివో, పాలిచ్చే జంతువువో ఆయనే చెప్పలేకపోయాడు. అంత పోలిక ఉందని ఒప్పుకుంటూనే ఆయన చెప్పిందేమిటంటే, మన పిండం ఎప్పుడూ పూర్తిగా ఎదిగిన చేపలా ఉండదు, చేప పిండంలా ఉంటుంది, పెరిగేకొద్దీ ఎవరి దారి వాళ్లది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మీ సందేహం సగం తీరిపోతుంది.

1866లో హెకెల్ ఆ పాత ఊహకే పరిణామ సిద్ధాంతం జోడించి, పిండం పెరుగుదల అంటే ఆ జీవజాతి పరిణామ చరిత్రను క్లుప్తంగా మళ్లీ నడిచి చూపించడమే అని ఒక నియమంలా ప్రకటించాడు. 1868లో వేసిన పుస్తకంలో కుక్క, కోడి, తాబేలు పిండాలంటూ మూడు బొమ్మలు పక్కపక్కనే వేశాడు. చూస్తే మూడూ ఒకేలా ఉన్నాయి, ఎందుకంటే ఒకే చెక్క అచ్చును మూడుసార్లు కొట్టించాడు! రూటిమేయర్ అనే శాస్త్రవేత్త దాన్ని పట్టుకున్నాక తర్వాతి ముద్రణలో మార్చాడు గానీ, చేసింది మాత్రం తప్పే, నేను వెనకేసుకు రాను. 1874 నాటి బొమ్మల్లో కూడా పోలికలు పెంచి, తేడాలు తగ్గించాడు. 1997లో రిచర్డ్‌సన్ బృందం అసలు పిండాల ఫొటోలు పక్కన పెట్టి చూపించాక ఆ సంగతి అందరికీ తెలిసింది. తమాషా ఏమిటంటే, ఇదంతా బయటపెట్టింది జీవశాస్త్రవేత్తలే.

ఇక మొప్పల సంగతి. నాలుగో వారంలో మనిషి పిండం మెడ దగ్గర చిన్న చిన్న వంపులు వరుసగా కనిపిస్తాయి. అవి మొప్పలు కావు, వాటితో ఊపిరి తీసుకోవడమూ ఉండదు. అదే ముడిసరుకు చేపలో మొప్పలను మోసే ఎముకలవుతుంది, మనలో దవడ, చెవి లోపలి బుల్లి ఎముకలు, గొంతులోని మృదులాస్థి అవుతుంది. తోక కూడా అంతే, కొన్ని వారాలు బయటికి కనిపించి ఎనిమిదో వారానికల్లా లోపలికి కలిసిపోతుంది.

అవసరం లేనివి అసలు ఎందుకు మొలవాలి అని మీరు అడగవచ్చు. కొన్నిటికి కడుపులో ఉన్నప్పుడే పని ఉంటుంది. వెన్నెముక కంటే ముందు పిండంలో నోటోకార్డ్ అనే మెత్తటి కడ్డీ ఏర్పడుతుంది, తర్వాత అది దాదాపు కరిగిపోతుంది. కానీ దాని నుంచి వచ్చే సంకేతాలు అందకపోతే పైనున్న కణాలు వెన్నుపాముగా సరిగ్గా తయారు కావు. ముందు వేసిన పునాదిని పీకేస్తే పైనున్నదంతా కూలుతుంది కాబట్టి, పరిణామం ఇలాంటి పునాదులను పెద్దగా కదపకుండా ఎక్కువగా ఆ తర్వాతి దశల్లోనే మార్పులు చేస్తూ పోయింది.

పోలికలు ఉత్త భ్రమ కావని చెప్పడానికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం చెవిలోనే ఉంది. చెవిలోని కూటకం, దాగలి అనే రెండు ఎముకలు సరీసృపాల్లో దవడ కీలులో ఉండే ఎముకలే అని 1837లోనే రైకర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త పిండాలను కోసి చూసి చెప్పాడు, అప్పటికి డార్విన్ పుస్తకం రావడానికి ఇంకా 22 ఏళ్లుంది. తర్వాత దొరికిన శిలాజాల్లో ఆ ఎముకలు దవడ నుంచి చెవి వైపు జరగడం మెట్టుమెట్టుగా కనిపించింది. ఇప్పటికీ ఒపోసమ్ అనే సంచి జంతువు పిల్ల పుట్టినప్పుడు చూస్తే దాని దవడ కీలు ఆ రెండు ముక్కల మధ్యే ఉంటుంది. తల్లి సంచిలో పాలు తాగుతూ పెరిగే వారాల్లో కొత్త కీలు తయారవుతుంది, ఆ రెండూ దవడ నుంచి విడిపోయి చెవికి చేరతాయి.