“పంచాయతీ అప్రూవ్డ్, నాలా అయిపోయింది, ఎల్పీకి పెట్టాం” అంటే ప్లాటు కొనచ్చా?

గుంటూరు పక్క పల్లెలో 150 గజాల ప్లాటు, రోడ్డు వైపు 27 అడుగులు, లోపలికి 50, ముందు రోడ్డు 20 అడుగులు అంటూ ఒకరు అడిగారు. నాలా అంటే సాగుభూమిని వ్యవసాయేతర వాడకానికి మార్చడం, ఎల్పీ అంటే లేఅవుట్ ప్లాన్. అమ్మేవాళ్లు చెప్పిన ఆ మూడు మాటల్లో ఒక్కటి కూడా లేఅవుట్ అనుమతి కాదండీ. తొందరపడి అడ్వాన్సు ఇవ్వకండి.

సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) పరిధిలో లేఅవుట్‌కి అనుమతి ఇవ్వాల్సింది సీఆర్‌డీఏనే. పంచాయతీ ముద్ర వేసిన ప్లాన్ కాగితం చూపించి ఎన్ని ప్లాట్లు అమ్మినా అది అనధికార లేఅవుటే. రిజిస్ట్రేషన్ జరిగిందన్న ధైర్యం కూడా వద్దు. దస్తావేజుతో మీకు హక్కు వస్తుంది, ఇల్లు కట్టుకునే అనుమతి రాదు.

ఎక్కువమంది దెబ్బతినేది నాలా దగ్గర. 2006 నాలా చట్టం (2025లో రద్దయింది) కింద ఇచ్చిన ఆర్డరు రెవెన్యూ వాళ్ల కాగితం. మాస్టర్ ప్లాన్‌లో ఆ భూమి ఏ జోన్‌లో ఉందన్నది వేరే సంగతి. నాలా ఉండి, జోన్ వ్యవసాయమే అయితే లేఅవుట్ ఫైలు అక్కడే ఆగిపోతుంది. భూ వినియోగ మార్పిడికి అభ్యంతరాలు పిలవాలి, జీవో రావాలి, చార్జీలు కట్టాలి. ఒక్క ప్లాటు కొన్నవాళ్ల వల్ల అయ్యే పని కాదది.

అందుకే ముందు ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీయించండి. సర్వే నంబరు సబ్‌డివిజన్‌తో సహా ఇవ్వండి, ఎఫ్ఎంబీ స్కెచ్ (సర్వే శాఖ కొలతల పటం) జతచేయండి. ఒట్టి సర్వే నంబరు ఇస్తే సగం నివాస జోన్, సగం వ్యవసాయం అని వస్తుంది, మీ ప్లాటు ఏ సగంలో ఉందో తేలదు. మాస్టర్ ప్లాన్ రోడ్డు ఏదైనా మీ మీదుగా పోతోందా అన్నదీ అప్పుడే అడగండి. 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములది), కనీసం 30 ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీలు, తనఖాల వివరం) కూడా చూడాలి.

ఇక రోడ్డు. ఇంటి ప్లానుకి 9 మీటర్ల రోడ్డు ఉండాలని అడిగితే, నడిమధ్య నుంచి మీ వైపు 4.5 మీటర్లు, అంటే 14 అడుగుల 9 అంగుళాలు వదలాలి. ఇప్పుడున్నది 10 అడుగులే. మిగతా 4 అడుగుల 9 అంగుళాలు మీ స్థలంలోంచే పోతుంది. 27 అడుగుల ముఖానికి సుమారు 14 గజాలు. డబ్బు 150కి కట్టి, ప్లాను 136కి వేయించుకుంటారు. సెట్‌బ్యాక్ (ఇంటి ముందు వదలాల్సిన ఖాళీ) కొలిచేది కూడా ఆ కొత్త గీత నుంచే. బేరం ఆడేటప్పుడే ఈ లెక్క ముందు పెట్టండి.

“ఎల్పీకి పెట్టాం” అంటే అప్లికేషన్ పెట్టారని మాత్రమే. ముందుగా వచ్చే అనుమతి రోడ్లు, డ్రెయిన్లు వేసుకోమని. ఆ పనులు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు సీఆర్‌డీఏకి తనఖాలో ఉంటాయి. మీ ప్లాటు నంబరు ఆ తనఖా జాబితాలో ఉందేమో తప్పక చూడండి. రోడ్లు, 10 శాతం ఖాళీ స్థలం గిఫ్ట్ డీడ్‌తో అప్పగించారా అన్నదీ అడగండి. ఫైనల్ ఎల్పీ నంబరున్న ప్లాన్ చేతికొచ్చాకే అది అప్రూవ్డ్ లేఅవుట్.

“ఎల్‌ఆర్‌ఎస్ (అనధికార ప్లాట్లని క్రమబద్ధం చేసే పథకం) వస్తుందిలెండి” అంటారు. 2020 రూల్స్‌లో ఖాళీ స్థలం కింద ప్లాటు విలువలో 14 శాతం పెట్టారు. 15 లక్షల ప్లాటైతే 2,10,000, దీని మీద మిగతా చార్జీలు. పైగా ఆ పథకానికి కటాఫ్ తేదీ ఉంటుంది, ఆ తర్వాత రిజిస్టరైనవి దాంట్లోకి రావు. చెరువు, వాగు భూములకైతే అసలు వర్తించదు.

విజయవాడలో చూసేవాళ్లు కాలువ పక్క స్థలమైతే బఫర్ (కాలువ పక్కన కట్టకుండా వదలాల్సిన జాగా) కొలిపించకుండా అడుగు వేయకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌లో ఇళ్లలోకి ఎలా వచ్చాయో అందరం చూశాం.

ఇంతా చూశాక కూడా ఆ ప్లాటే కావాలనుకుంటే, అగ్రిమెంటులో ఒక షరతు రాయించండి: ఫైనల్ ఎల్పీ ఇచ్చాకే మిగతా సొమ్ము, ఫలానా తేదీకి రాకపోతే అడ్వాన్సు వాపసు. తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉండాలి. దీనికి ఒప్పుకోనివాళ్ల దగ్గర కొనకండి.