తాతగారి ఉత్తరాలు స్కాన్ చేసి పెడితే ఎవరి అనుమతి కావాలి?

ప్రశ్న: మా తాతగారు 1987లో వీలునామా రాయకుండా చనిపోయారు. ఆయన డైరీలు, ఉత్తరాలు, ఫొటోలు, చేత్తో రాసిన వంశవృక్షం స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, హైదరాబాద్‌లో, డల్లాస్‌లో ఉన్న మా కజిన్స్‌కి లింకు పంపాం. ‘నాన్న నాకు రాసిన ఉత్తరాలు నావి, తీసేయండి’ అని బాబాయి అంటున్నారు. ఆయనకు ఆ హక్కు ఉందా? రేపు ఆస్తి తగాదా వస్తే ఈ స్కాన్లు కోర్టులో చెల్లుతాయా?

జవాబు: మీ బాబాయిగారి మాటలో సగమే నిజం. ఉత్తరం కాగితం అందుకున్నవారిది. అందులోని రాతపై కాపీరైట్ మాత్రం రాసినవారిది, వారి తర్వాత వారసులది. ఒరిజినల్స్ ఇవ్వనని ఆయన అనొచ్చు గానీ రాత మీద హక్కంతా తనదేనని అనలేరు. మీకు హిందూ వారసత్వ చట్టం వర్తిస్తే, తాతగారి భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, అప్పటికి బతికుంటే ఆయన తల్లికి కూడా అది సమానంగా వస్తుంది. ఇలాంటి పనుల్లో మేనత్తలను చాలామంది అడగనే అడగరు. తప్పక అడగండి. వారి సంతకం లేకపోతే ఒప్పందం నిలవదు.

‘తాతగారు పోయి ఇన్నేళ్లయింది కదా’ అని ధీమా పడొద్దు. రచయిత మరణం నుంచి 60 ఏళ్లన్న లెక్క ఆయన బతికుండగా ప్రచురితమైన రచనలకే. వెలుగు చూడని డైరీలు, ఉత్తరాలకు కాపీరైట్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, మొదట ప్రచురించిన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు లెక్కిస్తారు. అందరికీ కనిపించేలా ఇంటర్నెట్‌లో పెట్టడమూ ప్రచురణే. స్టూడియో ఫొటోల సంగతి తేలిక. వేరే ఒప్పందం లేకపోతే డబ్బిచ్చి తీయించుకున్నవారే మొదటి హక్కుదారు.

కాబట్టి వారసులందరితో రాతపూర్వక లైసెన్సు తీసుకోండి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. గడువు రాయకపోతే 5 ఏళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం భావిస్తుంది (19, 30ఎ సెక్షన్లు). మీ కజిన్స్ డల్లాస్‌లో ఉన్నారు కనుక ‘కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా’ అని స్పష్టంగా రాయించండి. ఎవరు చూడొచ్చు, ఎవరు చేర్చొచ్చు, అభ్యంతరం వస్తే ఎన్నాళ్లలో తీసేయాలి, ఏ ఒరిజినల్ ఎవరి దగ్గర ఉంటుంది అన్నవీ అందులోనే ఉండాలి. అది పూర్తయ్యేదాకా బాబాయిగారి ఉత్తరాలను పక్కన పెట్టండి. పెద్దాయన మనసు కష్టపెట్టి కట్టే భాండాగారం కుటుంబానిది అనిపించుకోదు.

‘లింకు ఉన్న ఎవరైనా’ అన్న సెట్టింగ్ వెంటనే మార్చి, పేరు పేరునా అనుమతి ఇవ్వండి. వ్యక్తిగత, గృహ అవసరాలకు 2023 డేటా రక్షణ చట్టం వర్తించదు. బహిరంగంగా పెట్టాక ఆ మినహాయింపు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఉత్తరాల్లో జబ్బులు, దత్తతలు, తప్పిపోయిన సంబంధాల ప్రస్తావనలు ఉంటాయి. కుటుంబీకులను నొప్పించే ఉద్దేశంతో చనిపోయినవారి పరువు తీస్తే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన నేర చట్టం) 356వ సెక్షన్ కింద నేరమవుతుంది.

ఇక కోర్టు మాట. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉంది. దాని 92వ సెక్షన్ ప్రకారం 30 ఏళ్లు దాటిన పత్రం ఉండాల్సిన చోటు నుంచే వస్తే, అందులోని సంతకం, చేతిరాత నిజమైనవేనని కోర్టు భావించవచ్చు. ఆ వెసులుబాటు ఒరిజినల్‌ను చూసే. స్కాన్ అయిపోయిందని కాగితాలు పారేయొద్దు, లామినేషన్ అసలే చేయించొద్దు, ఆ తర్వాత సిరాను, కాగితాన్ని పరీక్షించడం కష్టమవుతుంది. వంశవృక్షానికి 26వ సెక్షన్ కింద విలువ ఉంది, అయితే తగాదా పుట్టకముందు రాసినదై ఉండాలి. అందుకే పాతదాని మీద దిద్దుబాట్లు చేయకుండా కొత్త పేర్లు వేరే కాగితంపై తేదీ వేసి రాయండి.

స్కాన్ దాఖలు చేయాలంటే 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. అందులో ఎ భాగం దాఖలు చేసేవారు, బి భాగం నిపుణుడు నింపుతారు. ఫైల్ హాష్ విలువ కూడా రాయాలి. అంటే ఫైల్‌కు వేలిముద్ర లాంటి సంకేతం, ఫైల్ కాస్త మారినా అది మారిపోతుంది. స్కాన్ చేసిన రోజే ప్రతి ఫైల్‌కూ ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో హాష్ విలువ తీసి జాబితాలో భద్రపరచండి. ఫొటోగా వాట్సాప్‌లో పంపితే ఫైల్ కుదించుకుపోయి ఆ విలువ మారిపోతుంది.

అంతా ఒక్కరి ఖాతాలో ఉంచడమూ ప్రమాదమే. 2 ఏళ్లు వాడని వ్యక్తిగత ఖాతాను గూగుల్ తొలగించవచ్చు. ఖాతా వాడకం ఆగిపోతే ఎవరికి తెలపాలో ముందే చెప్పే గూగుల్ సెట్టింగ్ ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’లో 10 మంది దాకా పేర్లు ఇవ్వొచ్చు. ఇద్దరు ముగ్గురివి ఇప్పుడే చేర్చి, పూర్తి ప్రతిని మరో ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో పెట్టండి.