వర్డ్ 2003లో ‘అను’ తెలుగు ఫాంటులో కొట్టిన పేర్లు వరస తప్పడం గురించి

సార్, పేర్ల జాబితాను వర్డ్‌లో అక్షరక్రమంలో పెడితే ‘అ’తో మొదలయ్యే పేర్లు ‘ప’ పేర్ల మధ్యలోకి పోతున్నాయన్నారు. తప్పు వర్డ్‌ది కాదు, మీదీ కాదు. ‘అను’ ఫాంటులో తెరమీద కనిపించేది తెలుగే గానీ, లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కోడ్‌లు. వర్డ్ ఆ కోడ్‌లనే చూసి వరస పెడుతుంది. ఆప్షన్లు ఎన్ని మార్చినా లాభం లేదు.

ఫైలుకు ఒక కాపీ తీసి పెట్టుకుని, కన్వర్టర్‌తో (ఫాంటు కోడ్‌లను మార్చే ప్రోగ్రాంతో) యూనికోడ్‌లోకి, అంటే తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లు ఉండే పద్ధతిలోకి మార్చి, అప్పుడు టేబుల్ మెనూలో సార్ట్ నొక్కండి. ఒత్తులు మారేటప్పుడు అక్కడక్కడా చెడతాయి, సార్ట్ నొక్కే ముందే సరిచూసుకోండి. క్షమ, క్షేత్రయ్య లాంటివి ‘క’ కిందికే వస్తాయి, టెన్షన్ పడకండి.

ఇక క్రమసంఖ్యలు 1, 10, 2 అని వస్తున్నాయన్నారు కదా, అది చిన్న పని. సార్ట్ పెట్టెలో టైప్ దగ్గర టెక్స్ట్ తీసి నంబర్ పెట్టండి.